కదలకూడని కాళ్లు

పోయినవారం మనం టైలరమ్మను ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టి, నర్సమ్మ చేత ఓ ప్రశ్న అడిగించి, జవాబు వినకుండానే వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ బల్ల మీదే ఉంది. ఏడో నెల కడుపుతో అంతసేపు కూర్చోవడం ఎవరి తరం? ముందు ఆమెను కిందికి దించుదాం.

దారిలో కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పొద్దు వాలేసరికి టైలరమ్మ కాళ్లలో, సరిగ్గా ఎముకల లోపల, చీమలు పాకడం మొదలవుతుంది. అది నొప్పీ కాదు, తిమ్మిరీ కాదు. కదుపు, కదుపు అని కాలే పోరు పెడుతుంది. పడుకుంటే పెరుగుతుంది, లేచి నడిస్తే తగ్గుతుంది. నడవలో అటు పన్నెండు అడుగులు, ఇటు పన్నెండు అడుగులు తిరిగిన ఆ రాత్రుల్లోనే, తాళం వేసి ఉండాల్సిన వెనకగది తలుపు కింద ఆమె వెలుగు గీత చూసింది. లోపల ఇనుము మీద ఆకురాయి గీస్తున్న చప్పుడు విన్నది. మొగుడు లిఫ్టు మెకానిక్. అతను చూసుకునే ఓ ఆఫీసు భవనంలో లిఫ్టు తెగిపడి మనిషి చనిపోయి నెలన్నర అయింది. దాని బ్రేకులో ఉండాల్సిన ముక్క ఒకటి కనబడటం లేదని విచారణ జరుగుతోంది. రాత్రి డ్యూటీకి వెళ్లిన మనిషివి వెనకగదిలో ఏం చేస్తున్నావని అడిగితే, "కలగన్నావే పిచ్చిదానా" అని నవ్వి తల నిమిరాడు. ఆ మర్నాటి నుంచి ఆమెకు మొద్దునిద్ర పట్టుకుంది.

ఇక బల్ల దగ్గరికి వద్దాం.

"నిన్నేనమ్మా అడిగేది. విరోచనం నల్లగా అవుతోందా, లేదా?" అంది నర్సమ్మ రెండోసారి.

గదిలో ఇంకెవరూ లేకపోయినా టైలరమ్మ తలుపు వైపు చూసింది. "లేదండీ. మామూలుగానే ఉంది."

"ఐరన్ బిళ్లలు వేసుకుంటున్నావా? నిజం చెప్పు, కోప్పడనులే. వాంతి వస్తుందని సగంమంది కిటికీలోంచి పారేస్తారు. మా ఆసుపత్రి వెనక మొక్కలకున్నంత రక్తం మీకు లేదు."

"ఒక్కరోజు మానలేదండీ. మా అత్తయ్య దగ్గరుండి మింగిస్తారు."

నర్సమ్మ నవ్వు ఆగిపోయింది. నెల కిందటి కాగితాన్నీ ఇవాళ్టి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. రక్తం పెరగకపోగా కాస్త తగ్గింది. "వేసుకుంటే పెరగాలి. నల్లబడాలి. నీకు ఒకటీ కాలేదు, రెండోదీ కాలేదు. కాళ్లు లాగడానికి రక్తం తక్కువవడం కూడా ఓ కారణం. అందుకే రాసిచ్చాను. మందులు తీసుకురమ్మన్నాను కదా, ఏవీ?"

టైలరమ్మ సంచిలోంచి ఓ గుండ్రటి రేకు డబ్బా తీసింది.

"ఇదేంటి?"

"గుండీల డబ్బా అండీ."

చెప్పడానికి సిగ్గేసింది కానీ, ఇందులో తప్పు ఆమెది కాదు, పని అలవాటుది. టైలరు చేతికి చిన్న వస్తువు ఏది దొరికినా దాని అట్ట విప్పి డబ్బాలో పోయాల్సిందే. హుక్కులు, గుండీలు, సూదులు ఎవరైనా అట్టతో దాచుకుంటారా? మాత్రల షీట్లు ఇంటికి తెచ్చినరోజే వాటినీ టపటపా నొక్కి అన్నిటినీ డబ్బాలో పోసేసింది. పేరు రాసి ఉన్న రేకు చెత్తబుట్టలోకి వెళ్లిపోయింది. ఇంకా నయం, సైజులవారీగా దారానికి గుచ్చలేదు.

నర్సమ్మ డబ్బాను ట్రేలో వంపింది. ఎర్రటి మాత్రలు గలగలా పడ్డాయి. ఒకటి తీసి వెలుగులో పట్టుకుంది. తన అలమారాలోంచి కొత్త షీటు తెచ్చి, ఓ మాత్ర నొక్కి దాని పక్కన పెట్టింది. రెండూ ఎరుపే, రెండూ గుండ్రమే. నర్సమ్మ కళ్లద్దాలు సవరించుకునేలోపే టైలరమ్మ వేళ్లు పని ముగించేశాయి.

"ఇది అంచున నున్నగా ఉంది. ఇదేమో గట్టు కట్టి ఉంది" అంది నెమ్మదిగా. "ఆమధ్య డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు కూడా అనుకున్నాను. కొత్త సరుకు కాబోలు అనుకున్నా."

మందుల కౌంటరులో కూర్చునే ఆయన వచ్చి చూశాడు. అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, పెదవి విరిచాడు. ఐరన్ మాత్రం కాదన్నాడు. దురదలకీ జలుబుకీ ఇచ్చే మత్తు బిళ్లలా ఉందనీ, రేకు లేకుండా ఒట్టు పెట్టి చెప్పలేననీ అన్నాడు. పరీక్షకు పంపుదామని మొత్తం కవరులో పోసుకుని వెళ్లాడు.

"నిద్ర బాగా వస్తోందా ఈమధ్య?" అంది నర్సమ్మ.

"వస్తోందండీ. కానీ నిద్ర పట్టేముందు కాళ్లు ఇంకా ఘోరం. ఒళ్లేమో బండరాయి, కాళ్లేమో పరుగు. లేచి నడుద్దామంటే కళ్లు తెరుచుకోవు."

"ఆ మత్తు బిళ్లలు కొన్ని అంతే. ఇలాంటి కాళ్లకి నిప్పులో నెయ్యి పోసినట్టే." కడుపు మీద గొట్టం ఆనించి నర్సమ్మ చాలాసేపు విన్నది. ఆ కాసేపట్లో టైలరమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి నర్సమ్మ తలాడించింది. "గట్టిగా కొట్టుకుంటోంది. బానే ఉంది. ఏడవకు."

ఏడవకన్నాక ఆడదెవరైనా ఊరుకుంటుందా? కళ్లు తుడుచుకున్నాక నర్సమ్మ చెప్పినవన్నీ తలాడిస్తూ విన్నది. సాయంత్రం టీ వద్దు. పడుకునేముందు పిక్కలు సాగదీసి, గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టాలి. ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. పేరున్న రేకులోంచి తన కళ్లముందు తీసిన మాత్ర తప్ప ఇంకేదీ నోట్లో వేసుకోకూడదు.

కొత్త షీట్లు ఇస్తూ నర్సమ్మ గొంతు తగ్గించింది. "బిళ్లలు ఎక్కడుంటాయి ఇంట్లో?"

"వంటింట్లో. అత్తయ్య అలమారాలో."

నర్సమ్మ చీటీ వెనక తన ఫోను నెంబరు రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఇంటికి వెళ్లే దారంతా టైలరమ్మ ఒకే మాట మనసులో కుట్టి విప్పుతూ వచ్చింది. అత్తగారు అలాంటి మనిషి కాదు. కానీ డబ్బా ఉండేది ఆమె దగ్గర, మాత్ర ఇచ్చేది ఆమె చెయ్యి. ఇంట్లో ఉన్నది ముగ్గురు. తనను తాను తీసేస్తే మిగిలింది ఇద్దరు. ఆ రెండో మనిషి జోలికి ఆలోచన వెళ్లబోతే ఆమె దాన్ని వెనక్కి లాగేసింది. తొలి నెలల్లో గంటలకొద్దీ కాళ్లు ఒత్తిన మనిషి అతను.

మధ్యాహ్నం మూడు దాటింది. మెకానిక్ పొద్దున్నే విచారణకు వెళ్లి ఇంకా రాలేదు. అత్తగారు కిటికీ దగ్గర నిలబడి, టైలరమ్మ కుట్టిన పిల్లల కోట్లకు ఎర్ర గుండీలు వేస్తోంది. ముప్ఫై ఏళ్లు బట్టల దుకాణంలో నిలబడి అమ్మకాలు చేసిన మనిషి. ఇప్పటికీ కుర్చీ చూపిస్తే ఎవరికో అనుకుంటుంది.

"ఏమందమ్మాయ్ నర్సమ్మ?"

టైలరమ్మ ఖాళీ డబ్బాను మిషను బల్ల మీద పెట్టింది. "అత్తయ్యా, నాకు రోజూ ఏం ఇస్తున్నారు?"

"ఏమివ్వడమేంటి? బిళ్ల ఇస్తున్నా."

"ఆ డబ్బాలో ఉన్నవి ఐరన్ బిళ్లలు కావట. ఎవరో మార్చారు. మత్తు బిళ్లలు పోశారు." డబ్బాను ఆమె వైపు నెట్టింది. "నా కడుపులో బిడ్డ ఉంది అత్తయ్యా. మీకు నామీద ఏం కోపమున్నా నాతో చెప్పండి. బిడ్డేం చేసింది?"

అత్తగారి మొహం ఎర్రబడింది. సూది కోటుకే గుచ్చి, రెండు చేతులూ నడుముకి పెట్టింది. "ఏమన్నావ్? నేనా? పెళ్లయి ఇన్నేళ్లకి నిలిచిన కడుపు. నువ్వు తుమ్మితే నాకు గుండె ఆగుతుంది. నేను మత్తు పెడతానా? నా నోట్లో నేను వేసుకున్నది నీకు..." అని టక్కున ఆగింది.

మాట జారింది. ఇద్దరికీ తెలిసింది.

"మీ నోట్లో మీరు వేసుకున్నది అంటే?"

ఆ రోజు ఆ ఇంట్లో జరిగిన వింత ఇది: అత్తగారు కూర్చుంది. అడక్కుండానే, బట్టల మూట మీద చతికిలబడింది.

"దొంగతనం చేశానమ్మాయ్" అంది తన పాదాల వైపు చూస్తూ. "రోజూ నీకొకటి తీసి, నేనొకటి వేసుకున్నా. నీ కాళ్లు అలా లాగుతుంటే నాకు తెలీదనుకున్నావా? నాకూ అంతే. వాడు కడుపులో ఉన్నప్పుడు పట్టుకుంది. కన్నాక పోతుందన్నారు. నువ్వు కంగారుపడకు, అందరికీ పోతుందట, నాకే పోలేదు. ముప్ఫై మూడేళ్లు. కూర్చుంటే లాగుతాయని నిలబడే ఉద్యోగం వెతుక్కున్నా. ఎవరికి చెప్పను? ఒకసారి మీ మామయ్యకి చెబితే పిచ్చి పట్టిందన్నాడు. ఆ తర్వాత నోరెత్తితే ఒట్టు."

"మీ అబ్బాయికి కూడా చెప్పలేదా?"

"వాడికెందుకు చెప్తా? నీకే ఇప్పుడు చెబుతున్నా. ఐరన్ బిళ్లలు వేసుకుంటే కాళ్లు ఊరుకుంటాయని నర్సమ్మ నీతో అందిగా. మనమూ ఓ రాయి వేద్దాం అనుకున్నా. వేసుకున్న రోజు నుంచి..." అత్తగారు మోకాలు నిమురుకుంది. "నిద్రపోయానే అమ్మాయ్. జన్మలో మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయా. దేవుడి దయ అనుకున్నా."

టైలరమ్మకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. వెళ్లి ఆమె పక్కన మూట మీదే కూర్చుంది. నాలుగు కాళ్లు బారుగా చాపి ఉన్నాయి.

"అంటే ఇద్దరం నిద్రపోయాం" అంది టైలరమ్మ.

"ఆ."

"ఇరవై రోజులుగా ఈ ఇంట్లో రాత్రిపూట మెలకువగా ఎవరూ లేరు."

వెనకగది వైపు చూడకుండా ఉండటానికి అత్తగారు చాలా కష్టపడింది. కానీ చూసింది. తలుపుకి తాళం ఉంది. తాళం కింద గచ్చు మీద, ఎవరో తుడిచి వదిలేసిన చోట, సన్నటి ఇనుప రజను ఓ గీతలా మెరుస్తోంది.

"వాడు నా కొడుకమ్మాయ్" అంది అత్తగారు. "చీమని కూడా పక్కకి తీసి నడిచేవాడు."

"నాకు తెలుసు అత్తయ్యా."

"తెలిసి ఏం లాభం?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడ్చింది ఎంతోసేపు కాదు. దుకాణంలో పెరిగిన బుర్ర, ముందు పని చూసుకుంటుంది. డబ్బా ఖాళీగా కనబడితే వాడికి అనుమానం వస్తుందని, కొత్త షీట్లలోంచి ఓ ఇరవై మాత్రలు నొక్కి డబ్బాలో పోసి, మిగతావి గుడ్డపీలికల సంచి అడుగున దాచింది. ఈ రాత్రి ఇద్దరూ నిద్ర నటించాలి. వెనకగదిలో ఏముందో కళ్లారా చూడాలి. పొద్దున్నే నర్సమ్మ దగ్గరికి పోవాలి.

"వేరే బిళ్లలని కనిపెడతారేమో" అంది టైలరమ్మ. "అంచు తేడా ఉంది."

"మగాళ్లకి చొక్కా గుండీ ఊడితేనే తెలీదు, బిళ్ల అంచు తెలుస్తుందా!"

ఇక్కడే ఆ ఇద్దరూ పొరపడ్డారు. బట్టలు కొనడానికి వచ్చే మగాళ్లనే ఆవిడ చూసింది. లిఫ్టు చీకటి గొట్టంలో చెయ్యి దూర్చి, మర అరిగిందో లేదో వేలికొసతో చెప్పే మగాడి సంగతి, కన్నతల్లయినా, ఆ నిమిషంలో ఆమెకు తోచలేదు.

అయిదున్నరకి స్కూటరు ఆగింది. ఇంకా ఎండ పోలేదు. మామూలుగా ఆ చప్పుడుకి టైలరమ్మ ప్రాణం లేచి వచ్చేది. ఇవాళ మాత్రం కుడుతున్న గీత వంకర పోయింది.

"ఏంటి, అత్తాకోడళ్లు నన్ను చూసి నోళ్లు కుట్టేసుకున్నారు?" అని నవ్వుతూ వచ్చాడు మెకానిక్. నవ్వు ఎప్పటిదే. మొహం మాత్రం వారం రోజుల జ్వరంలోంచి లేచినట్టుంది. చెప్పులు విప్పుతూ, వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. "రేపు పొద్దున విచారణవాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తారట. ఊరికే, మామూలు తనిఖీ. డ్యూటీకి సెలవు పెట్టాను. నువ్వు ఆసుపత్రికి వెళ్లొచ్చావా? ఏమన్నారు?"

"బానే ఉందన్నారండీ. కాళ్లు చాపుకోమన్నారు."

"బిళ్ల వేసుకున్నావా?"

"అన్నం తిన్నాక ఇస్తాలేరా" అంది అత్తగారు.

"నేను ఇస్తాగా ఇవాళ" అని వంటింట్లోకి వెళ్లాడు.

ఆ డబ్బా మూత బిగుతు. తీస్తే టప్ మంటుంది, వేస్తే టక్ మంటుంది. టప్ మని వినిపించింది. టక్ వినిపించలేదు. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి టైలరమ్మ ఎదురుచూసింది. గుక్కెడు నీళ్లు తాగేంతసేపు గడిచింది. బిందె నింపేంతసేపు గడిచింది. అత్తగారి చేతిలో సూది ఆగిపోయింది. అప్పుడు, చాలా మెల్లగా, టక్ మంది.

అతను పళ్లెంలో రెండు గ్లాసుల నీళ్లు పెట్టుకుని వచ్చాడు.

ఆమె అరచెయ్యి పట్టాడు. దాంట్లో ఓ ఎర్ర మాత్ర పెట్టాడు. టైలరమ్మ దానివైపు చూడలేదు, అక్కర్లేదు. బొటనవేలు దాని అంచు చుట్టూ తిరిగింది.

గట్టు ఉంది.

డబ్బాలో గట్టున్న మాత్ర ఒక్కటీ లేదు. మధ్యాహ్నం ఆమె కళ్లముందే నింపారు. అంటే ఇది అతని జేబులోంచి వచ్చింది. డబ్బాలోవి మారాయని అతనికి తెలిసింది. తెలిసి కూడా ఒక్క మాట అడగలేదు. భయం ఆమెకు పొట్టలో కాదు, పిక్కల్లో మొదలైంది.

అతను తల్లివైపు తిరిగి రెండో గుప్పిట విప్పాడు. అందులో ఇంకో మాత్ర.

"నాకెందుకురా?" అంది అత్తగారు.

"నీక్కూడా కాళ్లు లాగుతాయిగా అమ్మా" అన్నాడు మెత్తగా. "రోజుకి రెండు తగ్గుతుంటే నాకు లెక్క తెలీదా? ఎంతకాలం దాచుకుంటావ్? వేసుకో. ఈ ఒక్క రాత్రి ఇద్దరూ హాయిగా నిద్రపోండి. రేపటితో అన్నీ అయిపోతాయి."

తల్లి కొడుకు మొహంలోకి చూసింది. అక్కడ ఏం వెతికిందో, అది దొరికిందో లేదో కానీ, ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. తర్వాత కోడలివైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో ఏముందో టైలరమ్మకు మాత్ర చేతిలో పెట్టినంత స్పష్టంగా తెలిసింది. వద్దు అత్తయ్యా అనబోయింది. ఆలోపే అత్తగారు మాత్ర నోట్లో వేసుకుని నిజంగానే మింగేసింది. మింగి, నీళ్లు పొలమారి, కళ్లు తేలేసి దగ్గడం మొదలెట్టింది. ఎంత దగ్గిందంటే, కొడుకు కంగారుగా పళ్లెం కింద పెట్టి, వంగి వీపు నిమరాల్సి వచ్చింది.

ఆ కాస్త వ్యవధి చాలు. టైలరమ్మ చెయ్యి బల్ల మీది ఎర్ర గుండీల కుప్పలోకి వెళ్లి వచ్చింది. మాత్ర గుండీల్లో గుండీ అయిపోయింది. ఉత్త నీళ్లు గటగటా తాగింది.

అతను తిరిగి చూశాడు. "అయిందా? ఏదీ, ఆ అను."

చిన్నపిల్లను అడిగినట్టే అడిగాడు. ఆమె నోరు తెరిచింది. అతను తృప్తిగా నవ్వాడు.

అరగంటకల్లా పక్కగదిలో అత్తగారి గురక మొదలైంది. టైలరమ్మను అతనే పడుకోబెట్టాడు. ఎడమవైపు తిప్పాడు, మోకాళ్ల మధ్య దిండు పెట్టాడు, దుప్పటి సర్దాడు. ఒకప్పుడు కాళ్లు ఒత్తింది ఇవే చేతులని గుర్తొచ్చి ఆమెకు గుండె మండింది. కిటికీలో ఇంకా పగటి వెలుతురు మిగిలే ఉంది. ఆమె కళ్లు మూసుకుంది. ఊపిరి బరువుగా తీసింది. నిద్రలో పెదవి ఎలా వేలాడుతుందో అలా వదిలేసింది. మొహం వరకు ఎవరైనా నటించగలరు.

అతను వెళ్లలేదు. మంచం చివర కూర్చున్నాడు. ఆమె రెండు పాదాలూ తన ఒళ్లోకి తీసుకుని, చీలమండల చుట్టూ వేళ్లు బిగించాడు.

"నువ్వు నిజంగా పడుకున్నప్పుడు ఇవి కదలవు" అన్నాడు నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు. "కాసేపు చూసి వెళ్తా."

టైలరమ్మ ఒకటి లెక్కపెట్టింది. రెండు. మూడు. బిడ్డ ఒకసారి మెదిలి సర్దుకుంది. పదిహేను దాకా కాళ్లు ఆమె మాట విన్నాయి.

పదహారు దగ్గర, అతని చేతిలో ఉన్న కుడి పాదంలో, మొదటి చీమ లేచింది.